ఐసీయూలో గోడ గడియారం

జూన్ 28

వాన. పొద్దున్నుంచి వదల్లేదు. బస్టాండు దగ్గర మోకాలి లోతు నీళ్ళు. బండి తోసుకుంటూ వచ్చాను ఆసుపత్రికి.

నిన్న హైదరాబాదు నుంచి వచ్చినవాళ్ళు కొత్త ఫైర్‌వాల్ బిగించి వెళ్ళారు. భద్రత అన్నారు. బయటికి పోయే దారులన్నీ మూసేసి తమకు తెలిసిన నాలుగు తెరిచారు. టైము అడిగే దారి ఆ నాలుగింటిలో లేదు. ఇన్నాళ్ళూ కింద గదిలో నా సర్వరు బయటి టైమ్ సర్వర్లని అడిగి తన గడియారం సరిచూసుకునేది. దాన్ని చూసి ఆసుపత్రిలో మిగతా కంప్యూటర్లన్నీ సర్దుకునేవి. ఇప్పుడు అది అడుగుతూనే ఉంది — పలికేవాళ్ళు లేరు. తనకే నమ్మకం లేని టైము అది లోపల ఇంకెవరికీ చెప్పదు.

మేనేజర్ గారితో చెప్పాను. "టైమే గదండీ! చేతికి వాచీ లేనివాడెవడండీ ఇక్కడ? నెలాఖరు పని అవనివ్వండి, చూద్దాం."

కంప్యూటర్ చూసేవాడి మాట ఎవడు వింటాడు, కంప్యూటర్ ఆగిపోయేదాకా.

జూన్ 30

సర్వరు రెండు సెకన్లు వెనకబడింది. లోకంలో ఎవరికీ పట్టని రెండు సెకన్లు. నాకు మాత్రం పంటికింద రాయి.

జూలై 3

సామర్లకోట నుంచి బావని తీసుకొచ్చారు. ఆయాసం. రెండు మాటలకోసారి ఆగి గాలి పీల్చుకుంటున్నారు. ఊపిరితిత్తులు పాడయ్యాయని ఎక్సరే చూడగానే అన్నారు డాక్టరు గారు. "ఏం పని చేస్తారు?" "పిండిమరండి." డాక్టరు గారు తలూపారు.

ఇంటి వరండాలోనే మర. పెళ్ళైనప్పటి నుంచీ అక్క కూడా ఆ దుమ్ములోనే. బావ బియ్యం పోస్తే అక్క పిండి పట్టేది. అక్కకేం కాలేదు. బావకి అయింది.

"రెండ్రోజులైంది మర ఆగి. జనం తలుపు కొట్టి పోతున్నారంట, పక్కింటావిడ ఫోను చేసింది" అంటుంది అక్క. మొగుడు ఆక్సిజన్ మీద ఉంటే మర గురించి మాట్లాడుతుందేంటి అనుకోవచ్చు ఎవరైనా. అక్కకి భయం వేస్తే పని గురించే మాట్లాడుతుంది. చిన్నప్పటి నుంచీ అంతే.

జూలై 5

కరెంటు పోయింది. జనరేటర్ అందుకునేలోపు పై అంతస్తులో కంప్యూటర్లన్నీ ఆరిపోయి లేచాయి. ఫోను చేశాను ఐసీయూకి. ఇన్‌ఛార్జ్ సిస్టర్ — "మా నర్సుల కంప్యూటరు ఏదో పాత తేదీ చూపించిందండి. మేమే సర్దేసుకున్నాం. మీరు రానక్కర్లేదు."

సరే అన్నాను. కింద బిల్లింగు వాళ్ళు నా ప్రాణం తోడేస్తున్నారు అప్పటికే.

జూలై 9

బావని ఐసీయూకి మార్చి గొట్టం వేశారు. ఇక గాలి మిషనే కొడుతుంది. కళ్ళు మూసుకునే ఉన్నారు. అక్కని రోజుకి రెండుసార్లు లోపలికి పంపిస్తున్నారు, కాసేపు. వచ్చి నా పక్కన కుర్చీలో కూర్చుంది.

"చెయ్యి పట్టుకుంటే తెలుస్తుందంటావా ఆయనకి?"

తెలుస్తుంది అన్నాను. నాకేం తెలుసు.

జూలై 12

రాజమండ్రి బ్రాంచికి పంపించారు. వెళ్ళనన్నాను. "రెండ్రోజులేగదండీ, మీ బావగారికి నిలకడగానే ఉందిగా" అన్నారు మేనేజర్ గారు. నిజమే, డాక్టరు గారూ అదే అన్నారు. వెళ్ళాను. వంతెన మీద నుంచి చూస్తే గోదారి ఎర్రబడింది, పైన ఎక్కడో బాగా పడ్డాయి వానలు. చూడబుద్ధి కాలేదు.

జూలై 13

పొద్దున్న బావ పోయారు.

జూలై 15

రాయాలని లేదు. రాయకపోతే నిద్ర రాదు.

నేను చేరేసరికి సామర్లకోట తీసుకొచ్చేశారు. వాకిట్లో పడుకోబెట్టారు, మరకి ఎదురుగా. అక్క ఏడవడం లేదు. వచ్చినవాళ్ళందరికీ ఒకటే మాట చెబుతోంది — "ఏదో ఇంజెక్షన్ తెమ్మంటే బయటికెళ్ళానండి. నేనొచ్చేదాకా ఆగారండి. వచ్చి చెయ్యి పట్టుకున్నాను. వేళ్ళు నొక్కారు. ఆ తర్వాతే..."

ఇది చెప్పినప్పుడు అక్క మొహం కొంచెం తేటపడుతోంది. అందుకే మళ్ళీ మళ్ళీ చెబుతోంది.

ఇవాళ పంతులు గారు వచ్చారు. ఆసుపత్రి కాగితం అడిగారు. అందులో ఉదయం ఏడూ అయిదు అని ఉంది. పంచాంగం తీసి చూశారు, కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చూశారు. "శ్రవణం ఏడుకి కాస్త ముందే అయిపోయిందమ్మా. ధనిష్ఠ పట్టేసింది." అక్క అత్తగారు గుండె మీద చెయ్యి వేసుకుంది.

ధనిష్ఠా పంచకం. ఇల్లు ఆరు నెలలు విడిచిపెట్టాలి. దీపం పెట్టకూడదు, పొయ్యి వెలిగించకూడదు, గడప తొక్కకూడదు.

"పోయింది ఆసుపత్రిలో గదండీ?" అన్నాను.

"తెచ్చి వాకిట్లో దింపారు గదా బాబూ."

"శాంతి చేయిస్తే సరిపోదా?"

అత్తగారు అందుకుంది. "శాంతీ చేయించాలి, ఇల్లూ విడవాలి. మా వంశంలో ఇదే పద్ధతి. ఇంకో పీనుగ లేచాక ఏడిస్తే ఏం లాభం?"

పెద్దకర్మ అయిన మర్నాడు తాళం. అన్నవరంలో అత్తగారి చిన్నకొడుకు ఇంటికి వెళ్ళాలి అక్కా, ఆవిడా. అక్క మర వైపు చూసింది.

జూలై 17

ఆసుపత్రికి వెళ్ళాను. ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కేలా ఉంది.

ఫైర్‌వాల్‌లో దారి తెరిచారు ఎట్టకేలకి. ల్యాబు వాళ్ళ రిపోర్టుల వరస తప్పి ఎవరో పెద్దాయన గొడవ చేశాడట — అప్పుడు గుర్తొచ్చింది మేనేజర్ గారికి టైము. నా సర్వరు బయట నలుగురిని అడిగింది, నలుగురూ ఒకటే చెప్పారు. నిమిషాల్లో కుదురుకుంది. దాని వెనకే ఒక్కొక్క కంప్యూటరూ కొద్దికొద్దిగా జరుగుతూ దారికొచ్చింది. గెంతదు గడియారం, మెల్లగా జరుపుతుంది ఆ ప్రోగ్రాం. చూస్తుంటే హాయిగా ఉంటుంది నాకు.

ఒక్కటి మాత్రం రాలేదు. ఐసీయూలో నర్సులు రాసుకునేది. తేడా మరీ ఎక్కువైతే ఆ ప్రోగ్రాం చెయ్యి వేయదు, మనిషి వచ్చి చూడమంటుంది. ఎంతా అని చూశాను. ఇరవై అయిదు నిమిషాలు. ముందుకి.

పైకి పరిగెత్తాను. ఇన్‌ఛార్జ్ సిస్టర్‌ని అడిగాను, టైము ఎలా పెట్టారని. "ఆ రోజు కరెంటు పోయినప్పుడండీ? అదిగో, ఆ గోడ గడియారం చూసి పెట్టానండి."

గోడ గడియారం నా ఫోను కంటే ఇరవై అయిదు నిమిషాలు ముందుంది.

"ఎప్పుడూ అంతేనండి! డ్యూటీకి లేటవకుండా ముందుకి పెట్టుకుంటాం. పది నిమిషాలేగదండీ?" ఇంకో నర్సు నాలిక కరుచుకుంది. ఆవిడ కొత్తలో చూసి, ముందుకి పెట్టలేదేమో అనుకుని, తనో పావుగంట కలిపిందట. మా ఇంట్లోనూ అమ్మ గడియారం ముందుకి పెట్టేది. ఏ ఇంట్లో పెట్టరు? ఎవరినీ తిట్టలేకపోయాను.

మెట్లు దిగుతూ వెలిగింది నాకు. బావ పోయిన టైము రాసిందీ ఆ కంప్యూటర్లోనే. కాగితంలో ఏడూ అయిదు అంటే అసలు ఏడుకి ఇరవై నిమిషాల ముందు. శ్రవణం ఉండగానే. ధనిష్ఠ లేదు, ఏమీ లేదు! ఇల్లు విడవక్కర్లేదు. మర ఆగక్కర్లేదు. మెట్ల మీదే నిలబడి ఫోను తీశాను అక్కకి చేద్దామని.

అక్క పేరు నొక్కబోతే కింద పాత కాల్ కనిపించింది. పదమూడో తారీఖు పొద్దున్న, ఆరూ నలభై మూడు.

"చిన్నా, ఆ ఇంజెక్షన్ కింద మందుల షాపులో లేదంటరా. ఎదురుగా షాపుకొచ్చాను, వీడింకా షట్టరు తియ్యలేదు..."

ఫోను జేబులో పెట్టేశాను.

జూలై 18

సునీత సిస్టర్‌ని పట్టుకున్నాను. ఆ పొద్దున్న బావ దగ్గర డ్యూటీ ఆమెదే. ముందు ఏమీ లేదంది. తర్వాత కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"అక్కగారు షాపుకెళ్ళిన కాసేపటికే అయిపోయిందండి. డాక్టరు గారు చూసి రాయమన్నారు, రాశాను. ఇంకో బెడ్డు పిలిస్తే అటెళ్ళారాయన. ఇంతలో అక్కగారు తడిసిపోయి పరిగెత్తుకుంటూ వచ్చారండి, ఇంజెక్షన్ పట్టుకుని. ఎలా చెప్పమంటారు? మిషను ఇంకా తియ్యలేదు గదండీ, ఛాతీ కదుల్తానే ఉంది. మాట్లాడమ్మా, వింటారు అన్నానండి. డాక్టరు గారు వచ్చి చెప్పేదాకా చెయ్యి పట్టుకునే ఉన్నారావిడ."

తప్పేనా సర్, అంది.

ఏమో. నేనైనా అదే చేసేవాణ్ణేమో. కాని ఆ ఒక్క మాట మీద అక్క ఇప్పుడు బతుకుతోంది.

జూలై 20

సామర్లకోట. అక్క మర బెల్టు విప్పుతోంది. "ఆరు నెలలు వదిలేస్తే ఎలకలు కొరికేస్తాయి" అని చుట్టచుట్టి గోనెలో పెట్టింది. నేను సాయం పట్టబోతే వద్దంది. ఎవరో ముసలావిడ పిండి కోసం వచ్చింది, ఇంకో వీధిలో మరకి పొమ్మని చెప్పింది అక్క.

అత్తగారు వంటింట్లో నుంచి — "అన్నవరంలో వాడికి రెండు గదులే. మనం ఓ మూల సర్దుకోవాలి. ఆరు నెలలు ఎంతసేపు?"

ఆవిడ అటు వెళ్ళాక అక్క నా దగ్గరికి వచ్చింది. "అక్కడ నేనుండలేను చిన్నా. మరిది మంచోడే. తోటికోడలు ప్రతి ముద్దా చూస్తుంది. ఇక్కడైతే మర తిరుగుతుంటే ఆయన పక్కనున్నట్టే ఉండేది."

నోటిదాకా వచ్చింది. ఆ క్షణంలోనే వీధిలోంచి ఎవరో పరామర్శకి వచ్చారు. అక్క వాళ్ళకి మొదలుపెట్టింది — "నేనొచ్చేదాకా ఆగారండి..."

మింగేశాను. కోపం వచ్చింది నాకు. ఎవరి మీదో తెలియదు.

జూలై 21

పంతులు గారిని దారిలో కలిశాను. ఊరికే అడిగినట్టు అడిగాను, ఆసుపత్రి గడియారం తప్పై ఉంటే ఏం చెయ్యాలని. ఆయన నన్ను కిందనుంచి పైదాకా చూశారు.

"ఊపిరి ఆగిన క్షణమే లెక్క బాబూ. కాగితం దిద్దించి, డాక్టరు చేత సంతకం పెట్టించి పట్టుకురండి. పంచకం లేకపోతే మాకు మాత్రం ఇల్లు మూయించడం సరదానా?"

డాక్టరు గారు ఒప్పుకున్నారు. మేనేజర్ గారే గింజుకున్నారు. "ఇది దిద్దితే ఆ పన్నెండు రోజుల్లోవన్నీ దిద్దాలి గదండీ!" దిద్దాలి మరి. ఆ రోజుల్లో ఐసీయూలో పోయినవాళ్ళు ఇంకొందరు ఉన్నారు. వాళ్ళ ఇళ్ళల్లో ఏ తిథి తప్పిందో, ఏ తలుపు మూశారో. చెబితే వాళ్ళు మనమీదికి వస్తారని ఈయన భయం. చివరికి — "మీ బావగారిది కాబట్టి" అన్నారు. నాకు అసహ్యం వేసింది. మిగతావాళ్ళ సంగతి ఏంటని గట్టిగానే అడిగాను. చూద్దాం అన్నారు. ఆయన చూద్దాం అంటే ఏమిటో నాకు తెలుసు.

జూలై 22

దిద్దిన కాగితం సంచిలో ఉంది.

ఇస్తే ఇల్లు నిలుస్తుంది. ఇస్తే అక్క టైము చూస్తుంది. తను షట్టరు ముందు వానలో నిలబడ్డది ఎప్పుడో తన ఫోనులోనూ ఉంది. చూడకుండా ఇచ్చే దారి ఉందా అని పగలంతా ఆలోచించాను. పంతులు గారికే ఇచ్చి, టైము చెప్పకండి అంటే? అత్తగారు మొట్టమొదట అడిగేది ఎన్నింటికి అనే. ఊరంతా ఆ నిమిషం గురించే మాట్లాడుకుంటారు.

ఇవ్వకపోతే ఆరు నెలలు తోటికోడలి మూల. పిండికి వచ్చేవాళ్ళు ఇంకో మర మరిగాక తిరిగి రారు.

ఏది దొంగతనం — ఇల్లు పోతుంటే చూస్తూ ఊరుకోవడమా, ఆ చెయ్యి లాగేసుకోవడమా? నాకు చేతకావడం లేదు.

జూలై 23

పెద్దకర్మ. వాన తెరిపిచ్చింది. జనం భోజనాలకి కూర్చున్నారు. అక్క నన్ను మర దగ్గరికి పిలిచింది.

"పంతులు గారు అన్నారు, నువ్వేదో గడియారం సంగతి అడిగావంట."

ఊ అన్నాను.

"తప్పు చూపించిందా మీది?"

"ఊ."

"వెనకబడిందా, ముందుకి పోయిందా?"

సంచి భుజానికే ఉంది. అక్క నా మొహంలోకి చూసింది. లెక్కల్లో ఎప్పుడూ నాకంటే అక్కే గట్టిది. బళ్ళో నా లెక్కలు తనే చేసిపెట్టేది.

"వెనకబడి ఉంటే చెప్పు" అంది. "ముందుకి పోయి ఉంటే మాత్రం నాకు చెప్పకు చిన్నా. ఇల్లు ఆర్నెల్లకి మళ్ళీ వస్తుంది."

లోపల ఎవరో పెరుగు అడిగారు. అక్క వెళ్ళిపోయింది. నేను సంచి తెరవలేదు.

జూలై 24

తాళం వేశారు. అత్తగారు వెనక్కి చూడొద్దంది. అక్క చూసింది.

జూలై 27

ఆసుపత్రిలో ప్రతి కంప్యూటరూ సెకను తేడా లేకుండా ఉంది. మేనేజర్ గారు మీటింగులో నన్ను మెచ్చుకున్నారు. గోడ గడియారం నేనే సరిచేసి వచ్చాను పోయిన వారం. ఇవాళ చూస్తే మళ్ళీ పది నిమిషాలు ముందుంది. "అలవాటైపోయిందండి, లేకపోతే లేటైపోతున్నాం."

మిగతా ఇళ్ళ సంగతి మళ్ళీ అడిగాను. చూద్దాం.

జూలై 29

అక్క ఫోను అన్నవరం నుంచి. మెల్లగా మాట్లాడుతోంది, పక్కన ఎవరో ఉన్నట్టు. వాళ్ళింటి ముందు నుంచే కొండకి వెళ్ళే జనం, పొద్దస్తమానం హారన్లు. తిండి బాగానే ఉందంది. అడగకుండానే చెప్పిందంటే బాగాలేదు.

ఇక పెట్టేస్తుందనుకున్నాను.

"ఆయన చెయ్యి గురించే ఆలోచిస్తున్నాను చిన్నా. వెచ్చగా ఉందా, చల్లగా ఉందా... ఎంత తలుచుకున్నా గుర్తు రావట్లేదు. నా చెయ్యే వానకి చల్లగా ఉంది గదా."

వెచ్చగానే ఉండి ఉంటుంది అన్నాను.

"నువ్వు లేవు గదా అక్కడ" అంది.

జూలై 31

ఆ కాగితం సంచిలోంచి తీసి బీరువాలో పెట్టాను. మళ్ళీ సంచిలో పెట్టాను.

సునీత సిస్టర్ కనబడితే తప్పుకుని పోతున్నాను. పాపం, ఆమె చేసిందేముంది.

ఆగస్టు 2

మధ్యాహ్నం చేసింది అక్క. ఈసారి పక్కన ఎవరూ లేరులా ఉంది. గొంతు మామూలుగానే ఉంది, మర దగ్గర తూకం అడిగినట్టు.

"నువ్వు చెప్పలేదంటే ముందుకే పోయింది. అది ఆ రోజే తెలిసింది నాకు. ఎంత ముందుకి?"

అక్కా, చెప్పొద్దన్నావు గదా అన్నాను.

"అన్నాను. ఇక్కడ కూర్చుని పది నిమిషాలనుకుంటాను ఒకసారి, అరగంట అనుకుంటాను ఒకసారి. అయిదే అయితే నేనొచ్చేటప్పటికి ఉన్నట్టే. చెప్పు, ఎంత?"

పనిలో ఉన్నాను, సాయంత్రం చేస్తాను అన్నాను. పనేం లేదు. గదిలో సర్వరు ముందు ఒక్కణ్ణే కూర్చున్నాను.

అయిదే అని చెప్పొచ్చు. అయిదంటే చెయ్యి మిగులుతుంది. అప్పటికి ఏడు, శ్రవణం అయిపోయింది గనక ధనిష్ఠా మిగులుతుంది, ఆ మూలా మిగులుతుంది. ఇరవై అయిదు అంటే రేపే ఇంటికి పోయి తాళం తీసుకోవచ్చు...

సాయంత్రమైంది. నేను చెయ్యలేదు. అక్కే చేస్తోంది.